బెంచ్‌మార్క్ అంటే రాతి మీద గాటు

ఈ మధ్య ఏ ఆఫీసు క్యాంటీన్లో కూర్చున్నా ఒకటే గోల. ఫలానా మోడల్ ఫలానా బెంచ్‌మార్క్‌లో డెబ్బై దాటిందంట, ఇంకో కంపెనీ వాడిది దాన్ని కొట్టేసిందంట, ఇంక మన పని అయిపోయినట్టేనంట.. అన్నీ "అంట"లే. ఆ డెబ్బై దేంట్లో డెబ్బై, ప్రశ్నలు ఎవరు పెట్టారు, పేపర్ ఎవరు దిద్దారు అని అడిగేవాడు మాత్రం కనపడడు. పదో తరగతిలో ఎవరికైనా 550 వచ్చిందంటే "ఏ స్కూలు, ఏ సెంటరు?" అని ఆరా తీసే జనం మనం. మరి దీని దగ్గరికొచ్చేసరికి ఏమైందో!

నేను చదివింది ఇంజనీరింగే గానీ చరిత్ర అంటే కొంచెం పిచ్చి. అందుకే ఈ బెంచ్‌మార్క్ అనే మాట వెనక పడ్డాను. తీరా చూస్తే అది కంప్యూటర్ల వాళ్ళ మాట కానే కాదు, సర్వే వాళ్ళది. గోడ మీదో రాతి మీదో అడ్డంగా ఒక గాటు చెక్కుతారు. ఆ గాట్లో ఇనుప పట్టీ పెట్టి, దానిమీద కొలబద్ద నిలబెడతారు. ఆ పట్టీయే "బెంచి", ఆ గాటే "మార్కు". పదేళ్ళ తర్వాత ఇంకెవడో వచ్చినా సరిగ్గా అదే ఎత్తులో కొలబద్ద నిలబెట్టగలగాలి, అంతే దాని ప్రయోజనం. మన దేశంలో పాత కట్టడాల దగ్గర అక్కడక్కడా జీటీఎస్ బీఎం అని చెక్కిన రాళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. అవన్నీ ఇవే. రైల్వే స్టేషన్ పసుప్పచ్చ బోర్డు మీద ఊరి పేరు కింద సముద్ర మట్టానికి ఇంత ఎత్తు అని రాసి ఉంటుంది చూడండి, అదీ ఈ కుటుంబానికి చెందినదే. మా కర్నూలు స్టేషన్లో రైలు కోసం పడిగాపులు పడ్డవాళ్ళకి ఆ అంకె చదవడం తప్ప వేరే కాలక్షేపం ఉండదు లెండి.

ఇక్కడే మా సీమ కథలోకి వస్తుంది. 1802లో విలియం లాంబ్టన్ అనే సైనికాధికారి మద్రాసు దగ్గర సెయింట్ థామస్ మౌంట్ పక్కన ఏడున్నర మైళ్ళ గీత ఒకటి కొలవడం మొదలుపెట్టాడు. ఆయన చేతిలో ఉన్నది నూరడుగుల ఉక్కు గొలుసు. ఆ గొలుసు నిజానికి చైనా చక్రవర్తికి బహుమతిగా పంపింది, ఆయన వద్దంటే తిరుగుతా తిరుగుతా ఇక్కడికి చేరింది. ఎండకి ఉక్కు సాగుతుంది కాబట్టి థర్మామీటర్లు పెట్టి, నీడ పట్టి, ఆ ఒక్క గీత కొలవడానికే 57 రోజులు పట్టింది. తర్వాత అంతా లెక్కే. ఆ గీత మీద ఒక త్రిభుజం, దాని భుజం మీద ఇంకో త్రిభుజం, కొండ నుంచి కొండకి కోణాలు చూసుకుంటూ పోవడమే. నేల మీద మళ్ళీ గొలుసు పరవక్కర్లేదు.

కానీ పరిచాడు! అదే నాకు నచ్చిన సంగతి. 1804లో బెంగళూరు దగ్గర ఇంకో గీత గొలుసుతో కొలిచి, మద్రాసు నుంచి త్రిభుజాల మీదుగా వచ్చిన లెక్కతో పోల్చి చూశాడు. ఏడు మైళ్ళ పైచిలుకు గీతకి తేడా 3.7 అంగుళాలు. అక్కడితో ఆగలేదు. కోయంబత్తూరు, తంజావూరు, పాలయంకోట అయ్యాక 1811లో మా పక్కనే గుత్తి దగ్గర మళ్ళీ ఒక గీత కొలిచాడు. గుత్తి కోట చూసిన వాళ్ళకి ఆ ఎండ, ఆ రాళ్ళు ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు. లెక్క సరిగానే వస్తోంది కదా, మళ్ళీ ఎందుకు అని ఆయన అనుకోలేదు. లెక్క సరిగ్గా వస్తోందని తెలిసేదే మళ్ళీ కొలిస్తే కదా మరి.

ఇంచుమించు అదే కాలంలో అదే నేల మీద ఇంకో కొలత కూడా జరిగింది. నిజాం 1800లో ఈ ప్రాంతాన్ని కంపెనీకి రాసిచ్చేశాడు, అందుకే దత్త మండలాలు. (కర్నూలు ఊరు మాత్రం 1839 దాకా నవాబు కిందే ఉంది. పత్తికొండ, కోయిలకుంట్ల లాంటివి ముందే పోయాయి.) అక్కడికి ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1802లో పొలం పొలం కొలిపించడం మొదలుపెట్టాడు. ఆయన గొలుసు 33 అడుగులు. 33 అడుగుల చదరం ఒక గుంట, 40 గుంటలు ఒక ఎకరం. కావాలంటే గుణించి చూసుకోండి, 43,560 చదరపు అడుగులు సరిగ్గా వస్తాయి. తెలంగాణ మిత్రులకి గుంట అనగానే తెలిసిపోతుంది, మా పక్క ఇప్పుడంతా సెంట్లలోనే మాట్లాడతాం.

మన్రో కూడా కొలిచినవాళ్ళ వెనకాల మళ్ళీ కొలిచేవాళ్ళని పెట్టాడు. ఎకరాల వరకు అది బాగానే పనిచేస్తుంది, గొలుసు అబద్ధం చెప్పదు. కానీ పన్ను పడేది ఎకరాల మీద మాత్రమే కాదు, ఆ నేల ఎంత మంచిది అన్నదాని మీద. నల్లరేగడా, ఎర్ర నేలా, గరుసా? మొదటి తరమా, నాలుగో తరమా? దానికి గొలుసు లేదు. కరణం ఒకటి చెప్తాడు, రెడ్డి ఇంకోటి చెప్తాడు, మదింపు చేసేవాడు మూడోది రాసుకుంటాడు. మూడిట్లో ఏది రాస్తే ఎవరికి లాభమో అందరికీ తెలుసు. చివరికి 1807లో మన్రోనే, తన సర్వే వేసిన పన్నుని పాతిక శాతం తగ్గించాలని పైవాళ్ళకి రాశాడు. అప్పుడు ఎవరూ వినలేదు. 1820లో ఆయన మద్రాసు గవర్నరుగా తిరిగొచ్చాక గానీ ఆ తగ్గింపుకి మోక్షం రాలేదు. ఆ మధ్య సంవత్సరాల్లో ఎక్కువ కట్టినవాళ్ళు ఎవరో వేరే చెప్పాలా? ఈయన మీద సీమలో ఎంత అభిమానమంటే పిల్లలకి మన్రోలప్ప అని పేరు పెట్టుకునేవాళ్ళంటారు. 1827లో మా పత్తికొండలోనే కలరాతో పోయాడు. సరే, అది వేరే కథ.

నేను చెప్పొచ్చేదేంటంటే, ప్రతి బెంచ్‌మార్క్‌లోనూ ఈ రెండూ ఉంటాయి. గొలుసుతో కొలవగలిగే భాగం ఒకటి, తరం నిర్ణయించే భాగం ఒకటి. మొదటిదాన్ని ఎవరైనా సరిచూడొచ్చు. రెండోది ఒకరి తీర్పు, అది అంకె వెనకాల దాక్కుని ఉంటుంది. మన రంగం చరిత్ర చూస్తే గొడవ వచ్చిన ప్రతిసారీ రెండోదాని దగ్గరే వచ్చింది.

హార్డ్‌వేర్ వాళ్ళు ఈ దెబ్బ మనకంటే ముందే తిన్నారు. 1970లలో వెట్‌స్టోన్ అని ఒక ప్రోగ్రాం (ఇంగ్లండులో ఒక ఊరి పేరు), దానికి జోకుగా 1984లో డ్రైస్టోన్. పేరులోనే తడి, పొడి అని వెటకారం. వాక్స్ 11/780 అనే మెషీన్‌ని ఒక "మిప్స్" అని అనుకుని మిగతా ప్రపంచాన్నంతా దాంతో పోల్చేవాళ్ళు. మైక్రోకంట్రోలర్ డేటాషీట్లు చూసేవాళ్ళకి ఇప్పటికీ ఆ డ్రైస్టోన్ మిప్స్ కనిపిస్తాయి. డ్రైస్టోన్ మరీ చిన్నది కావడంతో కంపైలర్ వాళ్ళు దానికోసమే ప్రత్యేకంగా మెరుగులు దిద్దడం మొదలుపెట్టారు. దాంతో 1988లో కొన్ని కంపెనీలు కలిసి స్పెక్ అనే సంస్థ పెట్టుకుని, నిజం ప్రోగ్రాములతో పరీక్ష తయారుచేశాయి. మొదటి సెట్లో మ్యాట్రిక్స్300 అని ఒకటి ఉండేది. కంపైలర్లు దాని లూపులని ఎలా ముక్కలు చేయాలో కనిపెట్టగానే ఆ ఒక్కదాని స్కోరు ఆకాశానికి లేచింది, సగటు కూడా దాంతోపాటే లేచింది. మెషీన్ అదే, చిప్పు అదే! 1992 సెట్లో దాన్ని ఎత్తిపారేశారు. వాళ్ళని మెచ్చుకోవాల్సింది ఇక్కడే. రాయి జరిగింది అని తెలియగానే రాయిని మార్చేశారు.

మన సీమ మనిషి కథ ఒకటి చెప్పకుండా ముందుకి పోలేను. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి గారు (1994 ట్యూరింగ్ అవార్డు, ఇది తెలియని తెలుగు ఐటీ వాడు ఉండకూడదు) కార్నెగీ మెలన్‌లో మాటలని గుర్తుపట్టే ప్రోగ్రాముల మీద పనిచేస్తున్న రోజులు. 1971లో అమెరికా రక్షణ శాఖ వాళ్ళ ఆర్పా ఒక అయిదేళ్ళ పథకం పెట్టింది. వెయ్యి మాటల పదజాలం, అర్థం చేసుకోవడంలో తప్పులు పది శాతం లోపు ఉండాలి అని లక్ష్యం. 1976కి రాజ్ రెడ్డి గారి బృందంలో తయారైన హార్పీ 1,011 మాటలతో ఆ లక్ష్యాన్ని అందుకుంది. బీబీఎన్ అనే ఇంకో సంస్థ ప్రోగ్రాం 44 శాతం వాక్యాల దగ్గరే ఆగిపోయింది.

అయితే హార్పీ గొప్పది, రెండోది పనికిరానిది అని తేల్చేద్దామా? అక్కడే ఉంది తిరకాసు. ఎవరి పరీక్ష వాళ్ళే పెట్టుకున్నారు! హార్పీకి ఇచ్చిన వ్యాకరణంలో ఒక మాట తర్వాత సగటున 33 మాటల్లో ఏదో ఒకటి రావచ్చు. బీబీఎన్ వాళ్ళ దాంట్లో 196 మాటలు. ఒకడు మైదానంలో పరిగెత్తాడు, ఇంకోడు శ్రీశైలం ఘాట్ రోడ్డు ఎక్కాడు, గడియారాలు పక్కపక్కన పెట్టి చూస్తున్నాం. ఆర్పా అయితే పథకాన్ని అంతటితో ఆపేసింది. 1980లలో మళ్ళీ మొదలుపెట్టినప్పుడు తెలివి తెచ్చుకుని, అందరికీ ఒకే రికార్డింగులు, ఒకే పరీక్ష, దిద్దేది మాత్రం మూడో మనిషి (అమెరికా ప్రభుత్వ కొలతల సంస్థ) అని పద్ధతి పెట్టింది. రాజ్ రెడ్డి గారి శిష్యుడు కై-ఫు లీ 1988లో చేసిన స్ఫింక్స్ ఆ ఉమ్మడి రికార్డింగుల మీదే పేరు తెచ్చుకుంది. ఇవాళ మనం ఫోన్లో నోటితో చెప్పి వెతుకుతున్నామంటే ఆ ఉమ్మడి పరీక్షల పుణ్యం కూడా కొంత ఉంది.

మరి మన సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ పరిశోధకులు ఏం చేస్తున్నారు? చాలాకాలం ఏమీ చెయ్యలేదనే చెప్పాలి. పేపర్ రాసినవాడు తన టూల్‌ని తన ప్రోగ్రాముల మీద తనే పరీక్షించుకుని "బాగా పనిచేసింది" అని రాసుకునేవాడు. 2003లో సూసన్ సిమ్, స్టీవ్ ఈస్టర్‌బ్రూక్, రిచర్డ్ హోల్ట్ అనే ముగ్గురు ఒక పేపర్లో ఈ విషయం మీద గట్టిగా మాట్లాడారు. బెంచ్‌మార్క్ అంటే ఉత్త కొలబద్ద కాదు, ఆ రంగంలో వాళ్ళంతా "ఇదీ మన సమస్య, ఇదీ మంచి జవాబంటే" అని ఒప్పుకున్న ఒడంబడిక అని వాళ్ళ వాదన. ఆ ఒప్పందం కోసం పోట్లాడుకోవడంలోనే రంగం ఎదుగుతుందట. మాట బాగుంది. కాకపోతే ఒప్పందం కుదిరాక దాన్ని మళ్ళీ తిరగదోడాలంటే ఎవరికీ మనసొప్పదు, ఆ సంగతి తర్వాత తేలింది.

ఎలాగంటారా? 1994లో సీమెన్స్ వాళ్ళ పరిశోధకులు టెస్టింగ్ పద్ధతులని పోల్చడానికి ఏడు చిన్న సీ ప్రోగ్రాములు తీసుకుని, వాటిల్లో చేత్తో తప్పులు నాటారు. మొత్తం 130 తప్పు వెర్షన్లు. ఆ పనికి అవి సరిపోయాయి. కానీ తయారుగా దొరుకుతున్నాయి కదా అని తర్వాత బగ్గు ఎక్కడుందో పసిగట్టే పరిశోధనలు కూడా ఏళ్ళ తరబడి వాటి మీదే నడిచాయి. 2014లో డిఫెక్ట్స్4జే వచ్చింది. అయిదు జావా ప్రాజెక్టుల నుంచి ఏరిన 357 నిజం బగ్గులు అందులో ఉన్నాయి. 2017లో కొందరు పాత పద్ధతులు కొన్నిటిని తీసుకుని, నాటిన బగ్గుల మీద, నిజం బగ్గుల మీద రెండిటి మీదా పరీక్షించారు. నాటినవాటి మీద "ఇది దానికంటే మెరుగు" అని తేలిన ఫలితాలు నిజంవాటి మీద నిలబడలేదు. ఎవరూ మోసం చెయ్యలేదు, అందరూ శ్రద్ధగానే కొలిచారు. నేల తరమే వేరు.

ఇంతకంటే నాకు బాగా గుర్తుండిపోయింది జెన్‌ప్రోగ్ కథ. ప్రోగ్రాం తనంతట తానే బగ్గు సరిచేసుకునే పద్ధతి అది. 2012లో 105 బగ్గుల్లో 55 సరిచేశాం, ఒక్కోదానికి ఎనిమిది డాలర్లే అని పేపర్ వచ్చింది. అందరూ ఆహా అన్నారు. సరిచేసిందని తేల్చింది ఎవరు? టెస్ట్ కేసులు. టెస్టులన్నీ పాసైతే బాగైనట్టే లెక్క. 2015లో ఎంఐటీ నుంచి నలుగురు ఆ ప్యాచ్‌లని ఒక్కొక్కటే తెరిచి చదివారు. నిజంగా సరైన ప్యాచ్ వచ్చింది రెండు బగ్గులకే! మిగతావాటిల్లో చాలావాటి సారాంశం ఒకటే. ఇబ్బంది పెడుతున్న ఫీచర్‌ని తీసిపారెయ్యడం. కాలు నొప్పి అంటే కాలు తీసేసి "ఇప్పుడు నొప్పి లేదు కదా" అన్నట్టు. కొన్నిచోట్ల టెస్టు స్క్రిప్టు జవాబు సరైందా అని చూడకుండా, ప్రోగ్రాం సరిగ్గా ముగిసిందా లేదా అన్నది మాత్రమే చూసేది. ఊరికే వేలెత్తి చూపడం కాకుండా, ఆ నలుగురూ కోడ్ తీసెయ్యడం తప్ప ఇంకేమీ చేతకాని కాళి అనే టూల్ ఒకటి రాసి, అది కూడా ఆ పాత టూళ్ళతో సమానంగా స్కోర్ చేస్తుందని చూపించారు. గుత్తి దగ్గర గొలుసు పరచడమంటే ఇదే నా లెక్కలో.

ఇప్పుడు ఇవాళ్టి అంకెకి వద్దాం. స్వీ-బెంచ్ 2023 అక్టోబర్లో వచ్చింది. 12 పైథాన్ ప్రాజెక్టుల గిట్‌హబ్ నుంచి 2,294 నిజం ఇష్యూలు తీసుకుని, ప్యాచ్ రాసి టెస్టులు పాస్ చెయ్యమన్నారు. ఆ పేపర్లో అందరికంటే బాగా చేసిన మోడల్ రెండు శాతం కూడా దాటలేదు. 2024 ఆగస్టులో ఓపెన్ఏఐ వాళ్ళు 93 మంది డెవలపర్లతో అందులోంచి 1,699 ప్రశ్నలని చదివించారు. ప్రశ్నే సరిగ్గా అర్థం కానివి 38 శాతం, సరైన జవాబుని కూడా తప్పు అని కొట్టేసే అవకాశమున్న టెస్టులు 61 శాతం. అన్నీ వడపోసి, చివరికి 500 ప్రశ్నల సెట్ ఒకటి తయారుచేశారు. మంచి పనే, కాదనను. 2025కల్లా ఆ సెట్ మీద స్కోర్లు డెబ్బై దాటాయి. క్యాంటీన్లో వినపడుతున్న డెబ్బై ఇదే.

ఆ 500లో 231 ప్రశ్నలు ఒక్క జాంగో ప్రాజెక్టువే. అందరికీ తెరిచి ఉన్న కోడ్, బాగా టెస్టులున్న కోడ్, ఇష్యూలూ వాటి జవాబులూ ఏళ్ళుగా ఇంటర్నెట్లో పడున్న కోడ్. మోడల్ వాటిని ముందే చదివి ఉండొచ్చు. ప్రశ్నపత్రంతో పాటు కీ కూడా ముందే దొరికిన పరీక్షలో ర్యాంకు ఎలాంటిదో మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. టూల్స్ పనికిరావు అనడం లేదు, నేను రోజూ వాడతాను, నాకు బోలెడు టైం కలిసొస్తోంది. కానీ డెబ్బై అనే అంకె జాంగో గురించి చెప్తోంది, మీ ప్రాజెక్టు గురించి కాదు. ఆ రెండూ ఒకటే అనుకోవడం మనం వేసుకున్న తరం.

ఇదంతా పేపర్ల గొడవ, మనకెందుకు అనుకుంటే పొరపాటు. నేను కూర్చున్న ఒక మీటింగులోనే (ఏ కంపెనీ అన్నది అనవసరం) ఇదే అంకెని స్లయిడ్ మీద పెద్దక్షరాలతో పెట్టి, దాని కిందే వచ్చే ఏడాది ఫ్రెషర్ల సంఖ్య తగ్గించి రాశారు. మధ్యలో ఒక్క బాణం గుర్తు. ఆ బాణం ఎక్కడినుంచి వచ్చిందని అడిగితే సమాధానం లేదు. నంద్యాలలోనో కడపలోనో ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం చదువుతున్న పిల్లకి ఆ బాణం గుర్తు సంగతి ఎప్పటికీ తెలియదు. ఆ సంవత్సరం కాలేజీకి కంపెనీలు తక్కువ వచ్చాయి అని మాత్రం తెలుస్తుంది.

మా కోడ్ పదిహేనేళ్ళ నాటి జావా, దానికింద అంతకంటే పాత స్టోర్డ్ ప్రొసీజర్లు, సగం వాటికి టెస్టులే లేవు. స్వీ-బెంచ్ పద్ధతిలో దాన్ని కొలుద్దామన్నా పాస్, ఫెయిల్ చెప్పడానికి ఏమీ లేదు. అందుకని నేనూ ఇంకో సహోద్యోగీ కిందటేడు మూసేసిన టికెట్లు కొన్ని తీసుకుని, టూల్‌కి కోడ్, ప్రశ్న ఇచ్చి, వచ్చిన ప్యాచ్‌లని మనుషులు అప్పట్లో చేసిన మార్పులతో పక్కపక్కన పెట్టి చదువుతున్నాం. చాలావరకు కంపైల్ అవుతున్నాయి, కొన్ని మాకంటే శుభ్రంగా ఉన్నాయి. ఒకదాంట్లో మాత్రం వడ్డీ లెక్కలో ఎర్రర్ ఇస్తున్న వాలిడేషన్‌ని మొత్తానికే తీసేసింది. ఎర్రర్ పోయింది, నిజమే!! ఒక్కో ప్యాచ్‌ని ఇద్దరం విడివిడిగా చదివి, తర్వాత కలిసి సరిచూసుకోవాలని నియమం పెట్టుకున్నాం. దాదాపు నాలుగోవంతు టికెట్ల మీద మా ఇద్దరికే పొంతన కుదరడం లేదు, వాటికి మూడో మనిషిని వెతుకుతున్నాం.

మేనేజరుకి ఈ ఎక్సెల్ షీట్ చూపించాను. ఓపిగ్గా చూసి, "బాగుంది గానీ, ఒక్క అంకెలో చెప్పు" అన్నాడు. పొంతన కుదరని టికెట్ల వరసకి ఎర్ర రంగు వేసి అదే షీట్ మళ్ళీ పంపాను.